లేడన్న మనిషితో మూడు నిమిషాలు

1969 వానాకాలం. పలాస టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటే అప్పట్లో పెద్ద భవనమేమీ కాదు. కాశీబుగ్గ వెళ్ళే రోడ్డు మీద ఒక పెంకుటిల్లు, దాని వీధి గదిలో బోర్డు, బోర్డు ముందు ఎత్తు కుర్చీ, ఆ కుర్చీలో నేను. పక్క పెరట్లో జీడిపిక్కలు కాలుస్తుంటే ఆ పొగకి కళ్ళు మండిపోయేవి. మా నాన్న టెక్కలిలో మిషన్ బడి పంతులు. ఆడపిల్ల గవర్నమెంటు ఉద్యోగం చెయ్యడమే ఎక్కువ, అందులోనూ పొద్దస్తమానం ముక్కూమొహం తెలియని మగాళ్ళతో మాట్లాడే ఉద్యోగమా అని చర్చిలో మూతి ముడిచినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో సగం మంది తర్వాత "రూతమ్మా, కాస్త మా అబ్బాయికి లైను కలుపుదూ" అని నా గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళే. రూతమ్మ నా పేరు. ఊళ్ళో ఆ పేరు తెలిసినవాళ్ళు తక్కువ, అందరికీ నేను ఫోనమ్మనే.

ఇప్పుడు ఫోను జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళకి ఆ బోర్డు సంగతి కాస్త చెప్పాలి. నిలువుగా నిలబెట్టిన చెక్క పలక, దాని నిండా కన్నాలు. ఒక్కో కన్నం ఊళ్ళో ఒక్కో ఫోను. ఎవరైనా హ్యాండిల్ తిప్పితే వాళ్ళ కన్నం దగ్గర చిన్న రేకు మూత టప్పుమని పడేది. ప్లగ్గు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. వేరే ఊరికి చేస్తే అది ట్రంక్ కాల్. దానికి టికెట్ రాయాలి, అంటే ఎవరు ఎవరిని ఏ ఊళ్ళో పిలుస్తున్నారో రాసే చిన్న చీటీ. సోంపేట వైపు నుంచి కిందికి పోయే కాల్ ఏదైనా మా బోర్డు మీదుగా పోవాల్సిందే. ఉద్దానం కొబ్బరితోటల ఊళ్ళ కష్టసుఖాలన్నీ నా చెవి పక్కనుంచే వెళ్ళేవి.

ట్రంక్ కాల్లో మామూలుది ఒకటి, పీపీ ఒకటి. పీపీ అంటే పర్టిక్యులర్ పర్సన్, ఫలానా మనిషే కావాలి అని. మామూలు కాల్లో అవతల ఎవరు ఫోను ఎత్తినా మూడు నిమిషాల లెక్క మొదలైపోతుంది. పీపీలో ఆ పేరు గల మనిషి వచ్చి "హలో" అన్నాకే మొదలవుతుంది. మనిషి దొరక్కపోతే ఏదో కొద్ది ఫీజు, అంతటితో సరి. బీదవాళ్ళకి అందుబాటులో ఉన్న ఫోను అదొక్కటే. ఎందుకంటే వాళ్ళ మనుషులెవరి ఇంట్లోనూ ఫోను ఉండదు. రైస్ మిల్లులోనో, పోస్టాఫీసులోనో, పక్కవీధి డాక్టరు గారింట్లోనో ఉంటుంది. పిలుచుకొచ్చేలోపే మూడు నిమిషాలు గాలికి పోతాయి.

ఈ పీపీ కాల్స్‌కి మన జనం కనిపెట్టిన జవాబు ఒకటుంది. "లేడు." వెళ్ళి పిలవడానికి బద్ధకమైతే లేడు. మాట్లాడ్డం ఇష్టం లేకపోతే లేడు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి తన ఫోను తనే ఎత్తి, తన గొంతుతోనే "ఆయన లేరమ్మా" అనేవాడు. మీరెవరండీ అంటే "ఆయన తమ్ముణ్ణి" అనేవాడు. ఆయనకి తమ్ముడే లేడు. నేను మాత్రం ఏం చేస్తాను, టికెట్ మీద పార్టీ నాట్ అవైలబుల్ అని రాసి, ఆ మాటే ఇవతలి వాళ్ళకి చెప్పేదాన్ని. మా పద్ధతి అది. అవతల ఏ జవాబిస్తే ఆ జవాబు ఉన్నదున్నట్టు అప్పజెప్పాలి, మన సొంత పైత్యం కలపకూడదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. బోర్డు మీద సోంపేట కన్నం రేకు మూత టప్పుమని పడింది. అక్కడి పోస్టాఫీసు క్లర్కు పట్నాయక్ గారు లైన్లో ఉన్నారు. నెమ్మదైన మనిషి, ఒడియా యాసతో తెలుగు మాట్లాడేవారు.

"రూతమ్మ గారూ, ఒక పీపీ కాల్ రాసుకోండి. పిలవాల్సిన పేరు మడ్డు గున్నయ్య. పిలిచేది ఆయన భార్య, నీలమ్మ, జలంత్రకోట."

"ఏ నంబరండీ?"

ఆయన ఒక తాలూకా ఆఫీసు నంబరు చెప్పారు. ఆ ఊరి పేరు నేను రాయను. ఆ మనుషుల పిల్లలూ మనవలూ ఇప్పుడు నా పక్కవీధిలోనే ఉండొచ్చు. ఆ రోజుల్లో సబ్‌జైలు తాలూకా ఆఫీసు ఆవరణలోనే ఉండేది, తహసీల్దారు గారే దానికి పై అధికారి, రెంటికీ కలిపి వరండాలో ఒకటే ఫోను.

"జైల్లో ఉన్నాయనకా పట్నాయక్ గారూ?"

"అవును. కూడదని రూల్స్‌లో నాకెక్కడా కనిపించలేదు, మీకు కనిపించిందా?" అన్నారాయన. నాకూ కనిపించలేదు. అప్పటిదాకా ఖైదీకి ఫోను చెయ్యాలన్న ఊహ ఎవరికీ రాలేదు కాబట్టి వద్దని రాయాలన్న ఊహా ఎవరికీ రాలేదు.

లైను దొరికేలోపు నీలమ్మే ఫోను అందుకుంది. ఫోను పట్టుకోవడం అదే మొదటిసారి. పలాస దాకా వినపడాలంటే ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగానూ అరిచింది.

"అమ్మా, నాను సెప్పీది ఇనబడతందా?"

"వినబడుతోందమ్మా, మెల్లిగా చెప్పు."

మెల్లిగా చెప్పడం ఆమె వల్ల కాలేదు, కానీ చెప్పింది. వాళ్ళకి కొబ్బరి తోట ఉంది. నీలమ్మ తల్లి పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసిచ్చిన తోట. దాన్ని ఆనుకుని షావుకారు తోట. మధ్యలో గట్టు ఒక్కటి తీసేస్తే రెండూ ఒకే చెక్క అవుతుందని ఆయనకి ఎన్నాళ్ళనుంచో ఆశ. ఒకనాడు షావుకారు మనుషులు వచ్చి నీలమ్మ చెట్ల కాయలు దింపడం మొదలుపెట్టారు. గున్నయ్య కాయ కత్తి పట్టుకుని వాళ్ళని గట్టు దాటించాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా కత్తి చూపాడని కేసు పెట్టారు. కొండల వైపు భూముల కోసం తుపాకుల గొడవలు జరుగుతున్న రోజులు, కత్తి అన్న మాటకి ఇంకో నాలుగు మాటలు అంటుకోవడం ఎంతసేపు. కొండల్లో వాళ్ళకి కొబ్బరికాయలు మోశాడన్నారు, అన్నం పెట్టాడన్నారు, పక్క తాలూకా జైల్లో పడేశారు.

"ఇప్పుడు షావుకారి మనిసి వొచ్చి ఏటంతన్నాడంటే, నీ మొగుడు ఒప్పీసుకున్నాడు, తోట షావుకారి పేర రాసిచ్చీమన్నాడు, నువ్వు ఏలిముద్ర ఎట్టీసినావంటే కేసు నేదు, రేపు రిజిస్ట్రీ అంతన్నాడు. నా మొగుడు ఆ మాటనడమ్మా. అంటే ఆడి నోట నాను ఇనాల. జైలు కాడికెల్తే ఇయ్యాల సూడనియ్యం పో అన్నారు. రేపు రేపంటే అక్కడ రిజిస్ట్రీ అయిపోతాది."

అదీ సంగతి. తోట ఉంటుందా పోతుందా అన్నది ఒక మనిషి గొంతు వినబడ్డం మీద ఆధారపడి ఉంది. ఆ గొంతుకీ ఈమెకీ మధ్య నా చేతిలో ప్లగ్గు ఉంది.

తాలూకా ఆఫీసు దొరికింది. హెడ్ వార్డరు ఎత్తాడు.

"సోంపేట నుంచి ట్రంక్ కాల్ అండి, పీపీ. మడ్డు గున్నయ్య గారు కావాలి."

"గున్నయ్య గారా!" అని వెనక్కి తిరిగి ఎవరితోనో, "ఒరే, గున్నయ్య గారికి ఫోనొచ్చిందంటరా" అన్నాడు. అక్కడ ఇంకెవరో ఇకిలించారు.

"పిలుస్తారా అండీ?"

"ఖైదీకి ఫోనేటమ్మా? ఇది జైలనుకున్నావా, సావిడనుకున్నావా? లేడని సెప్పు."

"లేడా?"

"లేడు. లేడనే రాసుకో." ఫోను పెట్టేశాడు.

అందరూ అనే మాటే అతనూ అన్నాడు. జీడిపప్పు వ్యాపారి నోట్లోంచి వచ్చినంత తేలిగ్గా అతని నోట్లోంచీ వచ్చింది. తాను ఎవరి గురించి అంటున్నాడో, ఏ ఇంట్లో నిలబడి అంటున్నాడో అతనికి తట్టనే లేదు. తాళం వేసి పెట్టిన మనిషిని లేడన్నాడు. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆ ఇకిలింపు నా చెవిలో ఉండిపోయింది. నా ఒళ్ళు మండింది.

ఆ మాటని మెత్తబరిచి "ఇప్పుడు కుదరదంటున్నారమ్మా" అని చెప్పి ఉండొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అలా చెప్పనందుకు నాకు ఏ మాత్రం చింత లేదు. పద్ధతి పద్ధతే. సోంపేట ప్లగ్గు గుచ్చి, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాను.

"సోంపేట, మీ పార్టీ లేడు. మడ్డు గున్నయ్య జైల్లో లేడని జవాబు."

"లేడంటే ఏటమ్మా?" నీలమ్మ గొంతు ఒక్కసారి పడిపోయింది. "తాళమేసినోడు లేకండా ఏటవుతాడు? ఎక్కడికట్టుకెల్లిపోనారు? సంపీసినారా?"

తర్వాత ఫోను ఆమె చేతిలోంచి జారిపోయినట్టుంది. బల్లకి కొట్టుకున్న చప్పుడు, ఆ వెనకాల ఆమె ఏడుపు. ఆ ఏడుపు విన్నాక నా కోపం ఇంకో రకంగా మారింది.

ఆ రోజుల్లో "లేడు" అన్న మాట బరువేమిటో ఆ కాలం చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున జీపొచ్చి మనిషిని ఎక్కించుకుపోయేది. ఆ ఊళ్ళో అడిగితే ఈ ఊళ్ళో ఉన్నాడనేవారు, ఈ ఊళ్ళో అడిగితే మాకు తెలీదనేవారు. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదని సంతల్లో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ రోజు సోంపేటలో సంత. జైల్లో పెట్టిన మనిషి లేడట, మాయం చేసేశారట అన్న మాట పోస్టాఫీసు గుమ్మం దిగి, ఎండుచేపల బుట్టల మీదుగా, కొబ్బరి తాళ్ళ వరసల మీదుగా పాకిపోయింది. పట్నాయక్ గారు ఫోను అందుకుని, "రూతమ్మ గారూ, గుమ్మం ముందు జనం కూడిపోతున్నారు. నేనేం చెప్పను?" అన్నారు.

"ఏం చెప్పకండి. లైను పట్టుకుని ఉండండి," అని తాలూకా ఆఫీసుకి మళ్ళీ రింగ్ చేశాను. ఎవరూ ఎత్తకపోతే ఎత్తేదాకా చేశాను.

ఎత్తింది మళ్ళీ హెడ్ వార్డరే. సోంపేట సంగతి చెప్పాను.

"నేనెప్పుడన్నాను లేడని?"

"ఇందాకే అన్నారు. లేడనే రాసుకోమన్నారు. రాసుకున్నాను. టికెట్ నా ముందుంది."

"ఓలమ్మ నా తల్లీ, అది ఊరికే అన్న మాట! అందరూ అనరేటి?"

"అందరూ మనిషిని తాళం వేసి పెట్టుకోలేదు కదండీ."

అతను వరండాలో పరిగెత్తిన చప్పుడు వినబడింది. కాసేపటికి తహసీల్దారు గారు వచ్చారు. నిదానంగా, ఒక్కో మాటా ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించే పెద్దమనిషి.

"హూ ఈజ్ దిస్? ఎవరు నువ్వు?"

"పలాస ట్రంక్ ఆపరేటర్నండి."

"నీ పేరు?"

"రూతమ్మ. రాసుకుంటారా?"

"ఖైదీలకి ఫోను ఇవ్వడం రూల్స్‌లో లేదు. తెలుసా?"

"ఇవ్వం అని చెప్పి ఉంటే అదే చెప్పేదాన్నండి. మీవాళ్ళు ఇవ్వం అని చెప్పలేదు, లేడన్నారు. ఇప్పుడు మీరు చెప్పండి. ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడు. ఆఫ్ కోర్స్ ఉన్నాడు. వెళ్ళి ఆమెకి చెప్పు."

"నా మాట ఎలా నమ్ముతుందండీ? లేడని చెప్పింది నేనే కదా. ఇప్పుడు నేను చెప్పినా మీరు చెప్పినా అక్కడెవరూ నమ్మరు. ఉంటే ఆయన గొంతు వినిపించండి. అక్కడ సంత సంతంతా పోస్టాఫీసు ముందుంది."

అవతల నుంచి వాన చప్పుడు వచ్చింది. తర్వాత "తీసుకురండి వాణ్ణి" అన్న మాట దూరంగా వినబడింది. అంత పెద్దాయన్ని కదిలించింది నేనూ కాదు, రూలూ కాదు. తన జైల్లో మనిషి లేడని తన ఫోనులోంచే వెళ్ళిన మాట ఆయన్ని కదిలించింది.

గున్నయ్య వచ్చాడు. నేను లైను కలిపాను. కలిస్తే ఏం లాభం, ఆ ముసురుకి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఆ తీగల మీద సోంపేట మాట నా దాకా వస్తోంది, ఈయన మాట నా దాకా వస్తోంది, ఒకరి మాట ఒకరికి మాత్రం చేరడం లేదు. అలాంటప్పుడు ఆపరేటరే మధ్యలో కూచుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. దాన్ని మేం రిపీట్ చెయ్యడం అనేవాళ్ళం.

"మావా! నువ్వేనా?" అంది నీలమ్మ.

"నువ్వేనా అని అడుగుతోందండీ," అన్నాను.

"నానే. నువ్వెవులమ్మా? నువ్వు నీలమ్మవి కాదు."

"నేను ఫోను ఆపరేటర్ని. నీలమ్మ సోంపేటలో ఉంది. ఆవిడ మాట మీకు వినబడదు, నేను చెప్తాను."

"షావుకారి మనిసీ ఇలాగే సెప్పినాడమ్మా. నీలమ్మ మాట తెచ్చినానన్నాడు. అది ఏలిముద్ర ఎట్టీసింది, పుట్టింటికెల్లిపోనాది, నువ్వూ ఏలిముద్ర ఎట్టీ అన్నాడు. నిన్నెలాగ నమ్మీది?"

నా ఉద్యోగంలో నన్ను అబద్ధాలకోరుని చేసి అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ అతను అడిగింది న్యాయం. ఇటు ఆమెకి ఆయన మాటంటూ ఒకడు అబద్ధం మోసుకొచ్చాడు, అటు ఈయనకీ అదే మనిషి ఆమె మాటంటూ ఇంకోటి మోసుకెళ్ళాడు. ఇప్పుడు మధ్యలో మాట మోసే ఇంకో మనిషిని నేను. నీలమ్మకి చెప్పాను. "నన్ను నమ్మడం లేదమ్మా. మీ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియంది ఏదన్నా చెప్పు."

ఆమె ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "పెల్లైన కొత్తలో మా తోటకొచ్చి, అల్లుడికి సెట్టెక్కడం రాదంతన్నారని రోసంతో ఎక్కీసినాడు. ఎక్కీసి దిగనేక మొవ్వు పట్టుకుని గోలెట్టినాడు. నానే ఎక్కి కాలట్టుకుని దింపినాను. ఈ మాట మా అమ్మకి కూడా సెప్పనేదు. సెప్పమ్మా."

నేను చెప్పాను. మధ్యలో నాకే నవ్వొచ్చి మాట తడబడింది. గున్నయ్య నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపయిందో నాకు తెలియలేదు.

"నీలమ్మే. అది నీలమ్మే. ఏలిముద్ర ఎట్టనేదా?"

"ఎట్టనేదు! సంపినా ఎట్టను. నువ్వు ఎట్టమన్నావా?"

"వేలిముద్ర వెయ్యలేదంటోంది. మీరు వెయ్యమన్నారా అని అడుగుతోంది."

"నాననేదు. ఆ తోట దానిది. దాని తల్లిది. నాను జైల్లో ఉంటాను గానీ ఆ మాటనను."

చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎక్స్ఛేంజి బయట రోడ్డు మీదికి కూడా వినబడి ఉంటుంది. తర్వాత నీలమ్మ ఇంకోటి అడిగింది.

"కొట్టినారా అని అడుగమ్మా."

అతని చుట్టూ ఎవరెవరు నిలబడి ఉన్నారో నాకు తెలుసు. అయినా అడిగాను. "కొట్టారా అని అడుగుతోంది."

"సెప్పనేనమ్మా," అన్నాడు.

"చెప్పలేను అంటున్నాడు," అని ఉన్నదున్నట్టు సోంపేటకి చెప్పాను. దాన్ని వాన్లో నిలబడ్డ జనానికి నీలమ్మే గట్టిగా వినిపించింది. సరిగ్గా అప్పుడే తహసీల్దారు గారు ఫోను లాక్కున్నారు.

"చాలు. లైన్ కట్ చెయ్."

"టైము ఉందండీ ఇంకా."

"కట్ చెయ్యమంటున్నాను!"

"ఈ మూడు నిమిషాలు ఆవిడవండీ. మీవి కావు, నావీ కావు. ఆయనకి ఫోనివ్వండి."

ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది నాకూ తెలుసు. కానీ ప్లగ్గు నా చేతిలో ఉంది, దాన్ని ఆయన అక్కణ్ణించి పీకలేడు. ఆయన ఫోను పెట్టేస్తే మళ్ళీ గొంతు ఆగిపోయిందని సోంపేటలో ఏమనుకుంటారో ఆయనకీ తెలుసు. ఫోను గున్నయ్య చేతికి తిరిగి వెళ్ళింది.

మిగిలిన కాస్త సమయంలో వాళ్ళు పెద్ద మాటలేమీ మాట్లాడుకోలేదు. దక్షిణం పక్క మొక్కలకి దడి కట్టావా అని అడిగాడు. కట్టాను అంది. గంజి తాగుతున్నావా అంది. తాగుతున్నాను అన్నాడు. ఒలే, ఏడవకే అన్నాడు. నేను ఏడవనేదు, నువ్వే ఏడుస్తున్నావంది. అన్నీ నా నోటితోనే చెప్పాను. నా పెళ్ళిలో కూడా నేను ఒక మగవాడితో అంత ప్రేమగా మాట్లాడలేదు.

టైము అయ్యాక "త్రీ మినిట్స్" అన్నాను. ప్లగ్గు తీసేలోపు సోంపేట నుంచి నీలమ్మ అరుపు వినబడింది. జనంతో అంటోంది. "ఉన్నాడు! నా మొగుడు ఉన్నాడు!"

ఆ తర్వాతి సంగతి పట్నాయక్ గారు సాయంత్రం చెప్పారు. షావుకారు మనిషి సంతలోనే ఉన్నాడట. నీలమ్మ నేరుగా అతని దగ్గరికెళ్ళి, "నా మొగుడి మాట ఇన్నాను. ఇప్పుడు నువ్వు తెచ్చిన మాట మల్లీ సెప్పు, అందరూ ఇంటారు," అందట. అతను గొడుగు మరిచిపోయి వెళ్ళిపోయాడట. మర్నాడు రిజిస్ట్రీ జరగలేదు. అంతకుముందు షావుకారుకి జడిసి జామీనుకి ముందుకు రాని ఊరివాళ్ళు ఇప్పుడు వచ్చారు, గున్నయ్య ఇంటికొచ్చాడు. కేసు కొన్నాళ్ళు నడిచి, సాక్షులు రాక కొట్టేశారు. గట్టు అలాగే ఉంది.

నాకు మాత్రం పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనవసరంగా ప్రజల్లో ఉద్రేకం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. "లేడన్నారు, లేడని చెప్పాను. ఉన్నాడన్నారు, ఉన్నాడని చెప్పాను. ఈ రెంటిలో నా తప్పు ఏదో తెలియజేస్తే దిద్దుకుంటాను," అని రాసిచ్చాను. తెలియజెయ్యలేదు. కానీ కొన్నాళ్ళు నన్ను ట్రంక్ నుంచి తీసేసి ఊరి కాల్స్‌కి కూచోబెట్టారు. కూచున్నాను. కుర్చీ ఏదైనా నా నోరు నాతోనే ఉంది కదా.

వానలు తగ్గాక ఒకరోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కావిడి నిండా కొబ్బరికాయలతో ఎక్స్ఛేంజి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. గున్నయ్య నేను ఊహించుకున్న దానికంటే పొట్టి. నేను మాట్లాడేదాకా నమ్మకం కుదరలేదు, గొంతు విన్నాక దండం పెట్టాడు.

"అమ్మా, ఆ రోజు నాను ఫోను కాణ్ణుంచి గదిలోకెల్లినాక మిగతావోలంతా నా సుట్టూ మూగీసినారు. నువ్వున్నావని మీవోలికి తెలిసిందా, మా గురించి కూడా ఎవులైనా అడుగుతారేటి అన్నారు. పేర్లు సెప్పినారు, ఊర్లు సెప్పినారు. నాకు సదువు రాదు గదా, రోజూ మనసులో అనుకుని అనుకుని ఉంచుకున్నాను. వొచ్చినాక ఇది ఊరూరా తిరిగి సెప్పొచ్చింది."

"ఏం చెప్పావు నీలమ్మా?" అన్నాను.

"ఏటి సెప్తాను? పోస్టాఫీసుకెల్లి పీపీ అడగండి, ఉన్నాడా అని అడగండి, ఫోనమ్మ నిజం సెప్తాదని సెప్పినాను."

అలా మొదలైంది. నన్ను మళ్ళీ ట్రంక్ మీద కూచోబెట్టేసరికి ఉద్దానం ఊళ్ళనుంచి ఆ కాల్స్ వస్తూనే ఉన్నాయి. అప్పటికి ఖైదీలని ఫోను దగ్గరికి తీసుకురాకూడదని ఆర్డరు పడింది. పడితే పడింది. రాకపోతే పార్టీ దొరకనట్టే, కొద్ది ఫీజుతో పోయేది. నేను అడిగేది ఒక్క ప్రశ్న. ఉన్నాడా? ఆ సోంపేట గొడవ తర్వాత ఏ సబ్‌జైల్లోనూ ఎవరూ ఊరికే లేడనే సాహసం చెయ్యలేదు. "ఉన్నాడు, ఫోనుకి రాడు" అనేవారు. ఆ మాట తల్లులకి చెప్పేదాన్ని. కొందరు అంతటితో వెళ్ళేవారు. కొందరు "ఎలా అన్నాడమ్మా, ఇసుక్కున్నాడా, మామూలుగా అన్నాడా" అని అడిగేవారు. వేరే జైలుకి మార్చాం అంటే ఏ జైలుకి అని అడిగేదాన్ని, ఆ జైలుకి రింగ్ చేసేదాన్ని. బస్సు ఛార్జీ లేనివాళ్ళకి, గేటు దగ్గర పొమ్మనిపించుకుని వచ్చినవాళ్ళకి, తమ మనిషి బతికి ఉన్నాడని తెలుసుకోడానికి ఇంతకంటే చౌక దారి ఇంకోటి లేదు.

ఒక్కసారి మాత్రం జవాబు రాలేదు. ఉన్నాడా అని అడిగితే అవతల ఫోను పెట్టేశారు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశారు. ఆ తల్లి పోస్టాఫీసు మూసేదాకా కూచుంది, నేను నా డ్యూటీ అయిపోయినా లేవకుండా రింగ్ చేస్తూనే ఉన్నాను. ఆమె పేరు ఇక్కడ రాయలేను. నా దగ్గర ఆమెకి చెప్పడానికి ఏ మాటా లేకపోయింది.

ఇన్నేళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను. మనిషిని తాళం వేసి ఉంచిన వాళ్ళకి తాళం మీద హక్కు ఉంటే ఉండొచ్చు గానీ, ఉన్నాడా అని అడిగినవాళ్ళకి జవాబు ఎగ్గొట్టే హక్కు లేదు. ఆ ప్రశ్న అడగడానికి పెద్ద చదువులూ పలుకుబడీ అక్కర్లేదు. అడుగుతూనే ఉండాలి, ఫోను పెట్టేస్తే మళ్ళీ చెయ్యాలి. ఆ ప్రశ్న ఖరీదు బీదవాళ్ళకి అందకుండా చేసినవాడు, ఆ హెడ్ వార్డరు కంటే గట్టిగా "లేడు" అంటున్నట్టే.

ఇప్పుడు నేను రిటైరై కాశీబుగ్గలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. కోడలు మంచి పిల్ల. మొన్నామధ్య నేను మధ్యాహ్నం నడుం వాల్చి ఉంటే నాకెవరో ఫోను చేశారు. పాపం నా నిద్ర పాడవుతుందని, "అత్తయ్య లేరండీ," అంది. నేను మంచం మీంచి లేచి కూచున్నాను. వయసొచ్చాక నేను అరవడం తగ్గించేశాను గానీ ఆ రోజు అరిచాను.

"పడుకున్నానని చెప్పు, రానని చెప్పు, కోపంగా ఉన్నానని చెప్పు. లేనని మాత్రం చెప్పకు. ఉన్నాను."